జగ్గారావుగారి గురుదక్షిణ

ముక్తేశ్వరం జగ్గారావుగారు దోహాలో పదేళ్లు క్రేను తోలి, తెల్లవాళ్ల మీద గోదావరంత కోపంతో తిరిగొచ్చారు. ఒకే పనికి తెల్లవాడికి ఏసీ గది, తనకి రేకుల షెడ్డు! వస్తూ వస్తూ తెల్లతోలు పెత్తనం మీద ఓ ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చారు. ఏమీ తెలియనివాళ్ల కోసం రాసిందట. ఆదివారం యువజన సంఘం సభలో దాని మీద ఉపన్యాసమని రిక్షాకి మైకు కట్టించి చాటించారు కూడా. చిక్కల్లా ఒక్కటే: అట్ట దాటితే ముక్క అర్థం కాలేదు.

అందుకని కాలవ అవతల పేట నుంచి మాణిక్యం మేస్టారిని పిలిపించి, అరుగు మీద కుర్చీ వేసి, కొబ్బరి బొండాం కొట్టించారు. పేట నుంచి ఎవరొచ్చినా ఆ ఇంట్లో బొండామే. మర్యాదకి మర్యాద, కడిగే గ్లాసు లేదు.

మేస్టారు మొదటి అధ్యాయం తెలుగులో చెప్పారు. "పెత్తనం ఉన్నోడికి అది కనపడదంటండి. గాలిలాగ అలవాటైపోద్దంట."

"ఎంత గుడ్డోళ్లండీ ఆ తెల్లోళ్లు!" జగ్గారావుగారు తొడ చరిచారు. "ఊఁ, రెండోది కానివ్వండి."

"ఆయ్. కాస్త కాఫీ ఇప్పిత్తే..."

"ఇంకో బొండాం కొట్టిత్తానుండండి."

"బొండాం జలుబండి. కాఫీ పడితేనే ఇంగ్లీషు తెలుగులోకి దిగుద్దండి."

ఆదివారం కళ్లముందు ఆడింది. జగ్గారావుగారు కేకేశారు. భార్య సూర్యకుమారిగారు మొగుడి పేరు చెక్కించిన స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి, మొగుణ్ణి కళ్లతోనే నమిలేశారు. మేస్టారు తాగి గ్లాసు కింద పెట్టారు. ఇప్పుడు దాన్ని ఎవరు తీయాలి?

"ఆ గ్లాసు మీరే ఉంచుకోండి మేస్టారూ! గురుదక్షిణ."

"అయ్యో, ఎందుకండీ!" అంటూనే మేస్టారు సంచీలో వేసుకున్నారు.

అధ్యాయానికో గ్లాసు. పుస్తకం అయ్యేసరికి వంటింటి గూడు ఖాళీ. పేటలో కాకులు కూడా స్టీలు గ్లాసుల్లోనే నీళ్లు తాగుతున్నాయని ఊళ్లో చెప్పుకున్నారు.

ఆదివారం ఉపన్యాసం అదిరిపోయింది. చివర్లో కుమారస్వామి అనే కుర్రాడు లేచి, "మన దగ్గర ఇలాంటియి ఉన్నాయాండీ?" అన్నాడు.

"మన కోనసీమలోనా! కావాలంటే మేస్టార్నే అడుగు," అన్నారు జగ్గారావుగారు.

మేస్టారు లేచారు. "జగ్గారావుగారి చలవ వల్ల మా ఇంటినిండా గ్లాసులేనండి. అందరూ కాఫీకి దయచేయండి. మా ఆవిడ ఎలీసమ్మ డికాషన్ దించి ఉంచింది."

"ఆయ్!" అంది సభంతా. ఆయ్ అనడానికి ఖర్చేముంది? ముందు వరసలో కనకరాజుకి దూడ గుర్తొచ్చింది, ప్రెసిడెంటుగారికి బీపీ మాత్ర. చప్పట్లు ఆగకముందే షామియానా ఖాళీ.

మెళ్లో దండతో జగ్గారావుగారు, పక్కన మేస్టారు మిగిలారు. "ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో పుస్తకంలో రాసేడా మేస్టారూ?" అన్నారు గొంతు తగ్గించి.

"రాసేడండి. కాఫీ చల్లారకముందే తాగమని. రండి, మీ పేరున్న గ్లాసేనండి."

జగ్గారావుగారు ఇంటివైపు చూశారు. అక్కడ కాఫీ ఉంది గానీ, పోసుకోడానికి గ్లాసు లేదు. దండ తీసి చంకన పెట్టుకుని, కాలవ దాటారు.