జాగ్రత్తగా పెట్టిన పెన్ను

నేను ఒక సూదిమందు పెన్నును. రాసే పెన్నును కాదు. నా పొట్టలో ఒక స్ప్రింగు, దాని ముందు కాస్త మందు, ఆ మందుకు ముందు ఎవరికీ కనబడని సూది. ఫ్యాక్టరీలో నన్ను బిగించినవాళ్లు ఆ స్ప్రింగును పూర్తిగా నొక్కి, మూత పెట్టి పంపారు. అప్పటినుంచి ఎగరబోయే క్షణంలోనే ఇరుక్కుని ఉన్నాను. మనుషులు దీన్ని ఓర్పు అంటారని తర్వాత తెలిసింది.

కాకినాడలో ఒక అలర్జీ క్లినిక్కులో నన్ను నీలవేణి చేతికిచ్చారు. అంతకుముందే ఆమె ముంజేతి మీద రకరకాల చుక్కలు వేసి, చర్మాన్ని సన్నగా గుచ్చి చూశారు. నువ్వుల చుక్క వేసిన చోట దోమ కుట్టినట్టు ఉబ్బి ఎర్రబడింది.

"పొరపాటున నువ్వులు తిని గొంతు మూసుకుపోతుంటే, ఇది తొడకి గుచ్చి నొక్కి పట్టుకోవాలి. ఆలస్యం చెయ్యకూడదు. ఆ వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి," అంది డాక్టరమ్మ. "ఇక్కడ దొరకడం కష్టం. జాగ్రత్తగా పెట్టుకోండి."

పక్కనే కూర్చున్న అత్తగారు కనకవల్లి ఆ చివరి మాట ఒక్కటే పట్టుకుంది.

జాగ్రత్త అంటే, ఆ మాట పుట్టిన సంస్కృతంలో, మెలకువగా ఉండడం. ఆ ఇంట్లో మాత్రం జాగ్రత్తగా పెట్టడమంటే బీరువాలో పెట్టి తాళం వెయ్యడం. ఇల్లు చేరగానే నన్ను ఒక పట్టుచీర మడతలో చుట్టి, కలరా ఉండల వాసనలోకి తోసి, తాళంచెవి బొడ్లో దోపుకుందావిడ.

"నా దగ్గరుంచుకుంటానండీ అత్తయ్యగారూ," అంది నీలవేణి.

"నీ దగ్గర గొడుగే నిలవదు. మొన్న ఆటోలో వదిలేసొచ్చావు. ఇక్కడైతే ఎక్కడికీ పోదు."

నిజమే, ఎక్కడికీ పోలేదు.

చీకట్లో నాకు వినడమొక్కటే పని. కొన్ని మధ్యాహ్నాలు నీలవేణి అడుగులు బీరువా ముందు ఆగేవి. తాళం అడగాలన్న మాట ఆమె గొంతుదాకా వచ్చేది. గాలి లోపలికి పీల్చిన చప్పుడు వినిపించేది. మాట మాత్రం వచ్చేది కాదు. అడుగులు వంటింటి వైపు వెళ్లిపోయేవి. ఆమెలో కూడా ఎవరో స్ప్రింగు బిగించి మూత పెట్టారనుకునేదాన్ని.

ఒక శుక్రవారం కనకవల్లి పక్కింటి వ్రతంనుంచి పులిహోర తెచ్చింది.

"కళ్లకద్దుకుని తీసుకోమ్మా."

"ఇందులో నువ్వులేమైనా..."

"అడిగాన్లే. పల్లీలే వేశారంట. అయినా పడదు పడదంటూ కూచుంటే ఎప్పటికి పడుద్ది? ప్రసాదం వద్దంటారా ఎవరన్నా?"

నువ్వులు ఎవరికీ కనబడలేదు. వేయించి, పొడికొట్టి కలిపారని తర్వాత తెలిసింది.

కాసేపటికి గోళ్లతో చర్మం గీరుకుంటున్న చప్పుడు. దగ్గు. తర్వాత ఊపిరి ఈలలా సాగింది. ఇన్నాళ్లూ రాని మాట సగం తెగి వచ్చింది. "బీరువా..."

తాళంచెవి రంధ్రం చుట్టూ వణికింది. తలుపు తెరుచుకుంది గానీ, నన్ను ఏ చీరలో దాచిందో ఆవిడకే గుర్తులేదు. మడత నలిగితే ఇంటిల్లిపాదినీ దులిపేసే మనిషి, చీరల్ని గుప్పిళ్లతో లాగి నేలమీద పారేస్తోంది.

"ఎక్కడ చచ్చావే!" అని నన్నే తిట్టింది.

నాలో కండలోకి దిగగల బలం ఉంది. ఒక్క మడత దాటి బయటికి జరిగే శక్తి లేదు. పట్టు ఎంత మెత్తగా బంధిస్తుందో అప్పుడే తెలిసింది.

విసిరిన చీరలోంచి జారి గచ్చుమీద పడ్డాను. నీలవేణి గోడకు జారగిలబడి ఉంది. పెదవులు ఉబ్బి, మాట పోయి, వేలితో తొడ చూపించింది.

"చీర మీంచేనా? పొడిచెయ్యనా? నెప్పెడుద్దేమోనే తల్లీ..."

నీలవేణి ఆవిడ మణికట్టు పట్టుకుని తన మీదికి లాగింది. కనకవల్లి కళ్లు మూసుకుని నొక్కింది.

నా బతుకంతా ఒక్క 'టక్'.

ఆస్పత్రిలో ఊపిరి మెల్లగా దారిలో పడింది. వారం తిరక్కుండా ఇద్దరూ నన్ను పట్టుకుని కొత్త పెన్ను కోసం క్లినిక్కుకు వచ్చారు. నర్సు నన్ను వాడేసిన సూదుల డబ్బాలో వేసి మూత పెట్టింది.

"కొత్తది నా దగ్గరే ఉంటుందండీ," అని నీలవేణి గొంతు వినిపించింది. అడగడం కాదు, చెప్పడం.



"సూది లేని ఉత్తుత్తి పెన్నుందంటగా, అదిలా ఇవ్వండమ్మా," అంది అత్తగారు డాక్టరమ్మతో. "నా తొడమీదే చూసుకుంటాను."

టక్.

"చాల్లెండి అత్తయ్యగారూ, వచ్చేసిందిగా."

"నువ్వూరుకో. చెయ్యి వణికింది. ఇంకోసారి."

మళ్లీ టక్. ఈసారి ఆ చప్పుడులో వణుకు లేదు. ఆ సంగతి డబ్బాలోంచి ఆవిడకు చెప్పే దారి లేదు నాకు.