మూడు వందల తొంభై తొమ్మిదో పెట్టె

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆఫీసులో అందరికీ ఆమె ముత్యాలక్క. దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని ఎవరో ఒకసారి అన్నారు, ఆ మాటే పేరై అతుక్కుపోయింది. చాలా ఏళ్ళపాటు దుకాణాల బోర్డులూ, బడి సర్టిఫికెట్ల మీద పేర్లూ రాసింది. కంప్యూటర్లొచ్చి ఆ పని కాస్తా ఊడ్చిపెట్టుకుపోయాక, టైర్ల దుకాణం పైన మూడు గదుల్లో నడిచే ఓ చిన్న రికార్డుల కంపెనీలో కుదురుకుంది.

కంపెనీ యజమానిని చిన్నా పెద్దా అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. పాతకాలపు పాటల్ని మళ్ళీ నల్లటి రికార్డుల మీద అచ్చొత్తించి, అందమైన పెట్టెల్లో సర్ది, లెక్కపెట్టి ఇన్నే అని అమ్మడం ఆయన వ్యాపారం. ఈసారి ఎప్పుడో చనిపోయిన ఒక గాయని పాటలు తెచ్చాడు. ఆరు రికార్డులు, ఒక ఫోటోల పుస్తకం, ఆవిడ తన చేత్తో రాసుకున్న పాటకి నకలు. మొత్తం నాలుగు వందల పెట్టెలు. ప్రతి పెట్టె వెనకా అంటించిన తెల్లకార్డు మీద అది ఎన్నోదో సిరాతో రాయాలి. ఆ పని ముత్యాలక్కది.

ఒక్కో పెట్టె పధ్నాలుగు వేలని తెలిసిన రోజు ఆమె నోరు వెళ్ళబెట్టింది.

"పధ్నాలుగు వేలా బాబాయ్! ఇవే పాటలు మా ఆయన ఫోన్లో ఊరికే వస్తాయి."

"వస్తాయి. ఎవరు కాదన్నారు?" బాబాయ్ వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "రికార్డులు వేయించడానికి నాలుగు వేలు. పెట్టెకీ పుస్తకానికీ మూడు. ఆవిడ పిల్లల వాటా రెండు. మన అద్దె, కరెంటు, జీతాలు రెండు."

"మరి మిగతా మూడు?"

"అది నువ్వు రాసే అంకెకి. లోకం మొత్తానికి నాలుగు వందలే ఉన్నాయి, అందులో ఇది నాదీ అని పెట్టె వెనక్కి తిప్పి చూసుకుంటారు చూడు, ఆ మురిపానికి. నాలుగు వందల ఒకటోది ఎక్కడో ఉందని తెలిసిందనుకో, ఆ మూడే కాదు, పధ్నాలుగూ మట్టి కొట్టుకుపోతాయి."

ఆ మాటకి ముత్యాలక్కకి ముందు గర్వంగా అనిపించింది. తర్వాత కాస్త దడ పుట్టింది. బుకింగ్ తెరిచిన పంతొమ్మిది నిమిషాల్లో నాలుగు వందలూ అయిపోయాయని తెలిశాక ఆ దడ ఇంకాస్త పెరిగింది.

నాలుగు రోజులు, రోజుకి వంద. కిటికీ పక్క బల్ల మీద ఆమె రాసేది. సిరా ఆరాక అవతలి గదిలో ప్యాకింగ్ పిన్ని ప్లాస్టిక్ తొడిగి, వేడి మెషిన్లో పెట్టి బిగించేది. సాయంత్రం కొరియర్ వాళ్ళొచ్చి పట్టుకెళ్ళేవాళ్ళు.

నాలుగో రోజు మధ్యాహ్నం మూడు వందల తొంభై ఎనిమిది రాసి, ఆరడానికి పక్కన పెట్టి, చెయ్యి చాపింది. బల్ల మీద ఒక్క పెట్టే ఉంది.

ఒక్కటి కాదు, రెండుండాలి. బల్ల కింద చూసింది. కుర్చీ వెనక చూసింది.

"పిన్నీ, నీ దగ్గరికి ఎన్నొచ్చాయి?"

"పదేసివి ముప్పై తొమ్మిది కట్టలు, విడిగా ఎనిమిది," అంది పిన్ని లోపల్నుంచి. "ఆరేది ఒకటి, నీ ముందున్నది ఒకటి. సరిపోలా?"

సరిపోయింది. పెట్టెలు నాలుగు వందలూ ఉన్నాయి. అంకెలే సరిపోలేదు. అంటే ఎక్కడో ఒక అంకె రెండు సార్లు రాసింది. ఏ అంకో తెలీదు. మూడు వందల పెట్టెలు అప్పటికే ఊళ్ళు దాటిపోయాయి.

ముత్యాలక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. బాబాయ్‌ని పిలుద్దామని తలెత్తేసరికి ఆయనే ఫోన్ ముందుకు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"చివరి పెట్టె అండీ! లైవ్‌లో చూస్తున్నారు మీరంతా. రాయక్కా, నాలుగు వందలు!"

మూడు వందల తొంభై తొమ్మిది రాస్తే ఇప్పుడే, అందరి ముందే బయటపడుతుంది. నాలుగు వందలు రాస్తే ఇప్పటికి గండం గడుస్తుంది. ఆలోచించడానికి అంత వ్యవధి కూడా లేదు. చెయ్యి దానంతటదే నాలుగు వేసింది, రెండు సున్నాలు చుట్టింది. బాబాయ్ చప్పట్లు కొట్టాడు.

ఇంటికెళ్ళి బస్సు డ్రైవరైన మొగుడికి చెప్పుకుంది. అతను అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"నేను నడిపేది ఇరవై ఏడో నంబరు బస్సు. అదే నంబరుతో ఇంకో పదకొండు తిరుగుతున్నాయి. ఎవరైనా వచ్చి మొత్తుకున్నారా?"

"నీకు హాస్యంగా ఉందా?"

"మరి ఏడవమంటావా? నాలుగు వందల మందిలో ఆ ఇద్దరూ ఎదురుపడాలి, నీ నంబరెంత అని అడగాలి. జరిగే పనేనా? నోరు మూసుకుని ఊరుకో."

కానీ ఆ ఇద్దరూ ఎదురుపడే చోటు ఒకటుంది. కొన్నవాళ్ళందరికీ ఫోన్లో ఒక గ్రూపు. రాసిన చేతిని నలుగురూ మెచ్చుకోవాలని బాబాయే ముత్యాలక్కని అందులో చేర్చాడు. పెట్టె చేరిన ప్రతివాళ్ళూ వెనక నంబరు ఫోటో తీసి పెట్టేవాళ్ళు. 'ఈ అంకెలు రాసిన చేతికి దండం' అని ఎవరో రాశారు. అది చదివి ఆమెకి ముద్ద దిగలేదు.

గ్రూపులో పళ్ళ డాక్టరొకాయన ఉన్నాడు. ఏ నంబరు ఎవరి దగ్గరుందో పట్టిక కట్టడం ఆయన సరదా. సరదా ఒక్కటే కాదు, ఆయన మూడు పెట్టెలు కొన్నాడు, ఒక్కదానికీ ప్లాస్టిక్ విప్పలేదు. విప్పితే విలువ సగానికి పడిపోతుందట. తిరిగి అమ్మే ధర మాత్రం ఎక్కడా ఆగలేదు. వారానికే ఇరవై రెండు వేలన్నారు. పదిహేను రోజులకి ముప్పై అన్నారు. బాబాయ్ మురిసిపోయి చెప్పిన ప్రతిసారీ ముత్యాలక్కకి తన తప్పుకి కూడా రోజురోజుకీ ధర పెరుగుతున్నట్టుండేది. కూర మాడబెట్టింది. బస్సు దిగాల్సిన చోట దిగకుండా ముందుకెళ్ళిపోయింది. రోజూ పొద్దున్నే పట్టిక తెరిచి, కొత్తగా ఎక్కిన అంకెల్ని పాత అంకెలతో పోల్చి చూసుకునేది. లేదు, ఇవాళ కూడా లేదు అనుకున్నాకే పళ్ళు తోముకునేది.

ఇరవై మూడో రోజు ఆదివారం. మధ్యాహ్నం మూడింటికి ఒకతను ఫోటో పెట్టాడు. పాత రికార్డ్ ప్లేయర్, పక్కన ప్లాస్టిక్ విప్పిన పెట్టె, వెనక నంబరు. రెండు వందల పధ్నాలుగు. 'నేను లిఫ్టు మెకానిక్‌ని. ఏడు నెలలు కూడబెట్టి కొన్నాను. వారానికి ఒక వైపే వింటున్నా, తొందరగా అయిపోకూడదని. ఇవాళ మూడో వైపు' అని రాశాడు.

పది నిమిషాలకి పళ్ళ డాక్టరు తన అల్మారాలో ఉన్న పెట్టె ఫోటో ఒకటి పెట్టాడు. అదీ రెండు వందల పధ్నాలుగే.

'రెంట్లో ఒకటి దొంగది. నాది సీలు తియ్యనిది. మరి దొంగది ఏదో వేరే చెప్పాలా?'

ఇక అందరూ ఆ మెకానిక్ మీద విరుచుకుపడ్డారు. ఎక్కడ అచ్చు వేయించావని ఒకరు, ఎంతకి అమ్ముదామనుకున్నావని ఒకరు. 'లిఫ్టులు బాగుచేసుకునేవాణ్ణి, పెట్టెలు చెయ్యడం నాకేం తెలుసండీ' అని అతను రాసింది ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రానికి గాలి బాబాయ్ వైపు తిరిగింది. చాటుగా ఇంకో వంద చేయించి అమ్ముకున్నాడన్నారు. నిన్న ముప్పై వేలు పలికిన పెట్టెని ఒకరు పన్నెండుకి ఇస్తానన్నారు. తీసుకునేవాళ్ళు లేరు.

ముత్యాలక్క రెండు ఫోటోలనీ పెద్దవి చేసి చూసింది. రెండు చోట్లా నాలుగుకి ఆ చిన్న తోక, తనదే. అప్పుడు గుర్తొచ్చింది. మూడో రోజు పొద్దున మొగుడు ఫోన్ చేశాడు, అల్మారా తాళం ఎక్కడ పెట్టావని. రెండు నిమిషాలు మాట్లాడి వచ్చి కూర్చుంది. అంతే.

"తాళమా?" అన్నాడు మొగుడు. ఈసారి అతనికీ నవ్వు రాలేదు. "చెప్పెయ్యవే. ఆ లిఫ్టతను ఏ పాపం ఎరుగడు."

సోమవారం పొద్దున వెళ్ళేసరికి బాబాయ్ ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడే ఉన్నాడు. "లేదమ్మా, నాలుగు వందలకి ఒక్కటి ఎక్కువ చేయించలేదు. మీ అమ్మగారి మీద ఒట్టు," అంటున్నాడు. అవతల గాయని కూతురు. ఆయన చొక్కా బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని ఉన్నాయి. ఫోన్ పెట్టేసి ముత్యాలక్కని చూడగానే ఆయన ముఖం కాస్త తేటపడింది.

"రా అక్కా. నీ చేతిలో తప్పు పడదని అందరికీ చెప్తున్నా. ఆ రెండోది ఎవడో నీ దస్తూరీ దించాడు."

"రెండూ నేనే రాశాను బాబాయ్."

ఆయనకి వెంటనే ఎక్కలేదు. ఆమె నిలబడే మొత్తం చెప్పింది. ఫోన్ వచ్చిన సంగతి, చివర్న ఒక్కటే పెట్టె మిగిలిన సంగతి, లైవ్ సంగతి. బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు. లోపల మెషిన్ చప్పుడు ఆగింది, పిన్ని వింటోందని తెలుస్తూనే ఉంది.

"రెండు వందల పధ్నాలుగు రెండుసార్లు రాశావు. సరే, మనుషులం," అన్నాడు. "నాలుగు వందలని రాశావే, అది? ఇరవై మూడు రోజులు నా మొహం చూస్తూ తిరిగావే, అది?"

ఆమెకి కళ్ళు తుడుచుకోవడానికి కూడా సిగ్గేసింది.

బాబాయ్ జరిగింది జరిగినట్టు గ్రూపులో పెట్టాడు. మూడు వందల తొంభై తొమ్మిది ఎవరి దగ్గరా లేదని, ఉంటే చూపించమని అడిగాడు. ఎవరూ చూపించలేదు. రెంట్లో ఒకదాన్ని ఆ నంబరుకి మారుస్తానన్నాడు. సీలు విప్పనివ్వనని పళ్ళ డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు. పైగా లిఫ్టు మెకానిక్‌కి విడిగా ఫోన్ చేసి, నలభై వేలిస్తాను, నీది నాకమ్మెయ్ అన్నాడు. ఒకే నంబరువి రెండూ తన దగ్గరే ఉంటే ఆ జత విలువే వేరని ఆయన లెక్క. నిన్న దొంగదన్న నోటితోనే అడిగాడని మెకానిక్కే బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పాడు.

ఆ సాయంత్రమే ముత్యాలక్క సిరా సీసా, కలం సంచిలో వేసుకుని, కొరియర్ చీటీలో అడ్రసు చూసుకుని మెకానిక్ ఇంటికి వెళ్ళింది. రెండు గదుల వాటా. ఇంటి ముందు నూనె మరకల యూనిఫాం ఆరేసి ఉంది. అతను లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. ముందుకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను అంకెలు రాసే మనిషిని బాబూ. తప్పు నాది."

"మీ బాబాయ్ రాసింది చదివాను. మీరు నాలుగు ముక్కలు రాయలేకపోయారా? మా లిఫ్టుల కంపెనీలో కూడా ఇద్దరు ఆ గ్రూపులో ఉన్నారమ్మా. పొద్దున్నించి నన్ను దొంగ పెట్టె అని పిలుస్తున్నారు."

ఆమె అక్కడే, గడప మీద కూర్చుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేసింది. మూడోసారి, అందరూ ముత్యాలక్క అనే ఆమెని నేనే అని, రెండు వందల పధ్నాలుగు రెండుసార్లు రాసి దాచింది నేనేనని, ఆ అబ్బాయిని అన్న మాటలు నన్ననాలని చెప్పి గ్రూపుకి పంపింది. అతను తన ఫోన్లో మొదటినుంచి చివరిదాకా విన్నాడు. విన్నాక పక్కకి తప్పుకున్నాడు.

"లోపలికి రండి."

పెట్టె తెచ్చి బల్ల మీద బోర్లా పెట్టాడు. "మార్చండి. పాతది కొట్టేసి కింద కొత్తది రాయండి. రాసి సంతకం పెట్టండి. రేపెవరైనా అడిగితే చూపించాలి."

"కొట్టేస్తే విలువ పోతుందేమో. డాక్టరుగారు నలభై ఇస్తానన్నారుగా?"

"అన్నారు. ఇంకా తొమ్మిది వైపులు వినాలి," అన్నాడతను. మళ్ళీ తనే, "నలభై అంటే మా ఆవిడకి మనసు లాగింది, అబద్ధమెందుకు? నాకూ లాగింది. అన్నీ విన్నాక చూద్దాం. ముందు రాయండి," అన్నాడు.

సిరాలో ముంచిన కలం కార్డు మీద ఆనించగానే దారి తప్పింది. ఎన్ని వేల పేర్లు రాసింది, ఇలా ఎప్పుడూ లేదు. మూడు వంకర పోయింది. మొదటి తొమ్మిది రెండోదాని మీదికి ఒరిగింది. సంతకం కార్డు అంచు దాటి పెట్టె మీదికి పాకింది. అతను వంగి చూశాడు.

"ఇదేంటమ్మా, కోడి గెలికినట్టుంది? మీరేనా ముత్యాలక్క?"

అతని భార్య లోపల్నుంచి ఫక్కున నవ్వింది. ముత్యాలక్కకి నవ్వు రాలేదు గానీ ఇన్నాళ్ళకి ఊపిరి నిండా అందింది.

బాబాయ్ తర్వాత పది రోజులు ఆమెతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. గాయని కూతురు అకస్మాత్తుగా వచ్చి అచ్చు వేసినవాళ్ళ కాగితాలన్నీ తిరగేసి వెళ్ళింది. ధర మెల్లగా పదహారుకి, పద్దెనిమిదికి పాకింది. ముప్పై మాత్రం మళ్ళీ చూడలేదు. తర్వాతి సెట్టుకి అంకెలు మెషిన్ మీదే అచ్చు వేయిద్దామని బాబాయ్ అనుకున్నాడు. అడిగి చూస్తే, అచ్చు అంకెకి పధ్నాలుగు ఎందుకివ్వాలి, పదకొండు చాలని కొనేవాళ్ళే అన్నారు.

"మళ్ళీ నువ్వే రాయాలక్కా," అన్నాడు బాబాయ్ ఒకరోజు, ఆమె వైపు చూడకుండా. "రెండు వందల యాభై. రాసిన ప్రతి అంకె పైకి చదువు, పిన్ని ఎదురుగా కూర్చుని టిక్కు పెడుతుంది. ఫోన్ నా బల్ల మీద పెట్టెయ్."

ఆమె సరేనంది. సంచిలోంచి ఫోన్ తీసి ఆయన ముందు పెట్టింది. బల్ల దగ్గర కూర్చుని, మొదటి అంకె రాయకముందే పెట్టెలు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. ఆ భయం ఈ పని ఉన్నన్నాళ్ళూ ఉండేదేనని ఆమెకి అర్థమైంది.