గీత దాటాల్సిన బొమ్మ

దౌరో నది ఒకే చలికాలంలో ఎన్నిసార్లు తన ఒడ్డునున్న రిబైరా వీధిలోకి వచ్చిందో జనం లెక్కపెట్టడం మానేసిన ఏడు అది. రెండువేల ఒకటి. నీళ్ళు తీశాక గోడల మీద బురద చారలు మిగిలాయి. పేట కమిటీవాళ్ళు ఒక ఫోటోగ్రాఫరును పంపారు. అతను ఒక్కొక్కరినీ వాళ్ళ గుమ్మంలోనే నిలబెట్టి, నీటి చార మీద చెయ్యి పెట్టించి ఫోటో తీశాడు. ముప్ఫై గుమ్మాలు, ముప్ఫై మంది. జూన్‌లో వచ్చే సావ్ జువావ్ పండగ ముందురోజు సాయంత్రం ఆ ఫోటోల పుస్తకం వీధిలో పంచాలని అనుకున్నారు.

దాన్ని కంప్యూటరులో కూర్చినది వానియా. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. అదే ఆమె మొదటి పుస్తకం. అచ్చుకు వచ్చింది కూడా ఆమె తండ్రి బెల్మీరో పనిచేసే ప్రెస్సుకే.

బెల్మీరో నదికి ఎగువన కొండల్లో పుట్టాడు. మూడో తరగతితో బడి తీరిపోయింది. పధ్నాలుగో ఏట ప్రెస్సులో చేరి నలభై ఏడేళ్ళుగా కాయితం కోస్తున్నాడు. మాట్లాడడు. "ఊఁ" అంటే బాగుందని, ఏమీ అనకపోతే బాగాలేదని ప్రెస్సులో అందరికీ తెలుసు. ఆయన బల్ల మీంచి చెడ్డ అంచుతో ఒక్క పుస్తకం బయటికి పోలేదు.

పండగ ఇంకా ఆరు రోజులుందనగా మొదటి ఫారం, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీలున్న పెద్ద కాయితం, మిషనెక్కింది. మిషను నడిపే కింతేలా ఒక కాయితం లాగి బల్ల మీద పరిచాడు.

"చూడన్నా, అమ్మాయి బొమ్మలు అదిరిపోయాయి!"

బెల్మీరో బొమ్మలు చూడలేదు. మూలల్లో ఉన్న కోత గీతలు చూశాడు. బొమ్మ ఆ గీత దగ్గరికి వచ్చి సరిగ్గా అక్కడే ఆగిపోయింది. అవతలంతా తెల్ల కాయితం.

గీత అవతలికి ఇంకో మూడు మిల్లీమీటర్లు బొమ్మ సాగి ఉండాలి. ప్రెస్సువాళ్ళు దాన్ని బ్లీడ్ అంటారు. ఆ మూడు మిల్లీమీటర్లూ చెత్తబుట్టలోకి పోయేవే, కానీ ఉండి తీరాలి. ఎందుకంటే ఏ రెండు మడతలూ ఒక్కలా పడవు. కత్తి దిగేటప్పుడు కాయితాల కట్ట వెంట్రుకవాసి కదులుతుంది. బొమ్మ గీత దాటి ఉంటే ఆ కదలిక ఎవరి కంటా పడదు. లేకపోతే అంచున దారప్పోగులాగా తెలుపు మిగులుతుంది.

"మిషను ఆపు," అన్నాడు బెల్మీరో.

చప్పుడు ఆగేసరికి ప్రెస్సు యజమాని ఎర్మీనియా లోపలి గదిలోంచి వచ్చింది. "ఎందుకాపారయ్యా? పండగ మనకోసం ఆగుతుందా?"

బెల్మీరో గీత మీద వేలు పెట్టాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఓరి దేవుడా! ఎవరా మహానుభావులు, ఈ ఫైలు కట్టింది?"

కింతేలా పైకప్పు వైపు చూడసాగాడు.

"మా అమ్మాయి," అన్నాడు బెల్మీరో.

ఆమె గొంతు తగ్గించింది. "పోనీలే. రెండు మిల్లీమీటర్లు లోపలికి కోసెయ్. పుస్తకాన్ని ఎవరు కొలుస్తారు?"

బెల్మీరో వేలు పేజీ అడుక్కి జరిపాడు. ప్రతి బొమ్మ కిందా మనిషి పేరు ఉంది, అంచుకు మూడు మిల్లీమీటర్ల ఎత్తులో. లోపలికి కోస్తే పేర్లు అంచుకు అతుక్కుపోయినట్టుంటాయి. కొన్ని తెగిపోతాయి కూడా.

"ఎవరికి తెలుస్తుందయ్యా?"

"పేరు తెగినవాళ్ళకి తెలుస్తుంది."

ఎర్మీనియా నిట్టూర్చింది. "అయితే పిలువు నీ కూతుర్ని. రేపు సాయంత్రంలోగా కొత్త ఫైళ్ళు రాకపోతే మాత్రం ఉన్నవే కోస్తావు, నోరు మూసుకుని."

"ఆయన నోరు తెరిచిందెప్పుడమ్మా?" అన్నాడు కింతేలా.

మధ్యాహ్నం వానియా వచ్చింది. వస్తూనే మొదలుపెట్టింది. "నాన్నా, పేజీ ఇరవై ఒకటికి ఇరవై ఒకటి సెంటీమీటర్లన్నారు. సరిగ్గా అంతే పెట్టాను. తేడా ఉంటే కొలిచి చూపించు."

"తేడా లేదు."

"మరి గీత మీద కొయ్యడానికేం? నలభై ఏడేళ్ళబట్టీ చేస్తున్న పనేగా?"

కింతేలా చేతిలోని గుడ్డ కింద పెట్టాడు. "అమ్మాయ్, ఆ మాట ఇంకెవడైనా అనుంటేనా..."

బెల్మీరో బల్ల దగ్గరికి నడిచాడు. పాడైన కాయితాలు తీసి, మడిచి, పిన్నులు కొట్టి ఇరవై నమూనా పుస్తకాలు చేశాడు. కట్టగా పేర్చి కూతురి చేతిలో పెట్టి కోత మిషను వైపు చూపించాడు.

"కొయ్యి."

వానియా తెలివిగలదే. కట్టను మూడుసార్లు సర్దింది. వంగి గీతతో సరిచూసింది. రెండు చేతులతో రెండు బొత్తాలూ నొక్కింది. కత్తి దిగింది. పైనున్న పుస్తకం తెరిచి చూస్తే అంచు అద్దంలా ఉంది.

"చూశావా!" అంది.

బెల్మీరో కట్ట మధ్యలోంచి ఒకటి లాగి ఇచ్చాడు. చేపలమ్మే ఆమె గోడ మీద చెయ్యి పెట్టి నిలబడిన పేజీ అది. ఆమె పక్కన, పైనుంచి కిందిదాకా, సన్నటి తెల్ల గీత. వానియా ఇంకోటి తీసింది. ఇంకోటి తీసింది. ఇరవైలో తొమ్మిదింటికి ఉంది. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

"రెండు నెలలు మనింట్లోనే కూర్చుని కట్టాను దీన్ని. ఒక్కసారి చెప్పకూడదా నాన్నా?"

"నువ్వు నాకు చూపించలేదు."

ఆమె పుస్తకాల్ని మళ్ళీ కట్టగా పేర్చింది. తరవాత, "సరే, బొమ్మల్ని కాస్త పెద్దవి చేస్తా. అన్నివైపులా మూడేసి మిల్లీమీటర్లు. పది నిమిషాల పని," అంది.

బెల్మీరో ఒక అట్టముక్క తెచ్చి చేపలామె బొమ్మ మీద అంచున ఆనించి కొంచెం లోపలికి జరిపాడు. నీటి చార మీదున్న ఆమె వేళ్ళు అట్ట కింద మాయమయ్యాయి.

వానియా ఆ అట్టముక్కనే చూస్తూ ఉండిపోయింది. తరవాత సంచీ భుజాన వేసుకుని, అసలు ఫోటోల కోసం ఫోటోగ్రాఫరు ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దు వాలేలోగా తిరిగొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అసలు ఫోటోలు పొడుగ్గా ఉన్నాయి, చదరంగా కత్తిరించుకున్నది తానే. మళ్ళీ ఒక్కొక్కటే తీసి, గోడ ఇంకాస్త కలుపుకుని, గీత దాటించి పెట్టింది. ఇరవై తొమ్మిదింటికి చోటు దొరికింది. చెప్పులు కుట్టే అర్మిందో బొమ్మకు దొరకలేదు. ఫోటోయే అతని వేలికొసల దగ్గర ఆగిపోయింది. అవతల గోడ లేదు.

ఆ పేజీ తండ్రి ముందు పెట్టింది. బొమ్మను చిన్నది చేసి, నాలుగు వైపులా వెడల్పుగా తెలుపు వదిలింది.

"లేని గోడను గీసి అతికించడానికి మనసు రాలేదు నాన్నా. అందుకే అంచుదాకా పోనివ్వలేదు. చెయ్యి మొత్తం ఉంది, చూడు."

బెల్మీరో స్కేలు తీసి గీత అవతల కొలిచాడు. ముప్ఫై పేజీలూ కొలిచాడు. అర్మిందో పేజీ దగ్గర స్కేలు పక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"ఊఁ," అన్నాడు.

కింతేలా చప్పట్లు కొట్టాడు. "నాకా మాట దక్కడానికి పదకొండేళ్ళు పట్టింది అమ్మాయ్! నీకు ఒక్క రోజు!"

"నీ పని కూడా ఒక్క రోజులో నేర్చుకోవచ్చేమో, నేర్పిస్తావా?" అంది వానియా.

ఆరు వందల పుస్తకాలూ బెల్మీరో ఒక్కడే కోశాడు. కట్టను ఇంకొకళ్ళ చేత ముట్టనివ్వలేదు.

పండగ ముందురోజు సాయంత్రం రిబైరాలో నిప్పుల మీద సార్డిన్ చేపలు చిటపటమంటుంటే పుస్తకాలు పంచారు. ఎవరి పేజీ వాళ్ళు వెతుక్కున్నారు. చేపలామె తన బొమ్మను అసలు గోడకే ఆనించి చార కలుస్తుందా లేదా చూసుకుంది. అర్మిందో అయితే పుస్తకం నెత్తిన పెట్టుకుని తిరిగాడు.

"అందరివీ ఉత్త బొమ్మలు! నాకొక్కడికే ఫ్రేము కట్టారు, మంత్రిగారికి కట్టినట్టు!"

"మంత్రిగారూ, నా చెప్పు తెగి నెలైంది, ముందది కుట్టండి," అంది చేపలామె.

కమిటీ పెద్ద వానియాను నలుగురి మధ్య నిలబెట్టి, పుస్తకం ఎవరు చేశారో చెప్పాడు. ఆమె, "కట్టింది నేను. నిలబెట్టింది మా నాన్న," అని గుంపులో వెతికింది. బెల్మీరో అప్పటికే పొగ చాటుకు తప్పుకున్నాడు. అక్కడ నిలబడి టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

మర్నాడు పండగ, ప్రెస్సుకు సెలవు. బెల్మీరో గడ్డం గీసుకుని, ఆదివారం కోటు తొడుక్కుని, పుస్తకం చంకలో పెట్టుకుని వీధి చివర కాఫీ కొట్టుకు వెళ్ళాడు. పుస్తకం గట్టు మీద పెట్టాడు. కొట్టువాడు వెన్న చేతులతో అందుకోబోతే వెనక్కి లాగాడు.

"చేతులు కడుక్కో."

వాడు కడుక్కొచ్చాడు. అయినా ఇవ్వలేదు. తానే పేజీ తిప్పాడు, అంచు మీద గోరు పెట్టి చూపించాడు. "మా అమ్మాయి," అన్నాడు. కాఫీ చల్లారిపోయింది. ముప్ఫై పేజీలూ అలాగే తిప్పాడు.