చెప్పని దెబ్బ

మా మాస్టారి కత్తిసాము శాలలో తీగలూ దీపాలూ ఉండేవి కావు. గోడకు వరసగా మేకులు, మేకులకు మాస్కులు, ఎంత కడిగినా పోని చెమట వాసన. పోటీల్లో అయితే కత్తి మొన నొక్కుకోగానే పెట్టె మీద దీపం వెలిగి, దెబ్బ ఎవరిదో ఊరందరికీ చెబుతుంది. మా దగ్గర ఆ పని నోరే చెయ్యాలి. దెబ్బ తిన్న మనిషే ఎడమ చెయ్యెత్తి "తగిలింది" అనాలి. కొట్టిన మనిషి నోరెత్తకూడదు. అది మాస్టారి రాజ్యాంగం.

అక్క నాకన్నా రెండేళ్ళు పెద్ద. కొడితే మణికట్టు లోపలి వైపే కొట్టేది, గ్లవ్ అంచు దగ్గర, శెనగగింజంత చోట. అక్కడ నాకు ఏడాది పొడుగునా నీలం చుక్క ఉండేది.

"ఎప్పుడు చూసినా తెరిచే పెడతావు. సత్రం తలుపటే అది?" అని నవ్వేది.

ఆ ఏడు జట్టు ఎంపికకు మా శాల నుంచి ఒక్కరికే చోటు. మాస్టారు మా ఇద్దరికీ ఐదు దెబ్బల ఆట పెట్టారు. నాలుగూ నాలుగూ అయింది. ఐదోది అక్క కొట్టింది. తోలు మీద మొన తగిలిన చిన్న చప్పుడు, టప్‌మని. నేను చెయ్యెత్తలేదు. అదే ఊపులో ముందుకు దూకి దాని భుజం మీద పొడిచాను.

అక్క ఒక్క క్షణం ఆగింది. మాస్కు జాలీ వెనక దాని కళ్ళు నాకు కనబడలేదు. ఎడమ చెయ్యెత్తి, "తగిలింది" అంది.

నేను వెళ్ళాను. ఎంపికయ్యాను, ఆడాను, పతకం తెచ్చాను. తెచ్చేసరికి అక్క విషజ్వరంతో ఆస్పత్రిలో ఉంది. పతకం మెడలో వేస్తే, "బరువుగా ఉందే" అని తీసి నా చేతిలో పెట్టింది. చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. ముందు కోలుకోనీ అనుకున్నాను. మూడో రోజు పోయింది.

తరవాత పదకొండేళ్ళు ఆడాను. చుక్క మాసిపోయింది గానీ ఆ చోటు మానలేదు. స్కోరు సమానమై ఆఖరి దెబ్బ మిగిలినప్పుడల్లా అక్కడ టప్‌మనేది. డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి, ఎక్స్‌రేలు తీయించి, ఏమీ లేదన్నాడు. ఏమీ లేనిది ఇంత సలుపుతుందా? పళ్ళు బిగబట్టి గెలిచేదాన్ని. గెలిచిన ప్రతిసారీ అదే అబద్ధం మళ్ళీ ఆడినట్టుండేది.

నాకు దక్కని పెద్ద టైటిల్ ఒక్కటే మిగిలింది. కిందటేడు, నా చివరి పోటీలో, ఆ టైటిల్ ఫైనల్‌కు చేరాను. ఎదురుగా పందొమ్మిదేళ్ళ పిల్ల. ఆ పొడుగు కాళ్ళు చూసి అందరూ కొంగ అంటారు.

"అక్కా, మరీ చితక్కొట్టకు. రేపు నాకు పరీక్ష" అంది, మాస్కు పెట్టుకోబోతూ.

"అయితే తొందరగా ఓడిపోయి, వెళ్ళి చదువుకో" అన్నాను.

మాస్టారు పక్కన కుర్చీలో కూర్చున్నారు. ముసలాయన అయిపోయారు. ఏం చెప్పినా "ఆఁ?" అంటారు. ఆయనకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని శాలలో అందరి వేళాకోళం.

పద్నాలుగూ పద్నాలుగూ. ఇంకొక్క దెబ్బ. కొంగ కత్తి నా చేతికి ఇంకా జానెడు దూరంలో ఉంది. టప్. ఈసారి సలుపు కాదు, తోలు చప్పుడే విన్నాను. దీపం వెలగలేదు. నా ఎడమ చెయ్యి దానంతటదే లేచింది.

"తగిలింది" అన్నాను.

దీపం వెలగనిదే రిఫరీ ఆట ఆపడు. చెయ్యెత్తి నిలబడ్డ నా మీదికి కొంగ అదే వేగంతో వచ్చింది. మొన నా భుజం మీద దిగింది. అప్పుడు వెలిగింది దీపం. హాలంతా లేచి నిలబడింది.

కొంగ మాస్కు లాగేసి పరిగెత్తుకొచ్చింది. గెలిచిన మొహంలా లేదు.

"ముందు నాది తగల్లేదక్కా, ఒట్టు! నీ దగ్గరికే రాలేదు. ఎందుకు ఆగిపోయావు?"

"నీకు చెప్పింది కాదులే. వెళ్ళు, నిన్ను పిలుస్తున్నారు."

మాస్టారి పక్కన కూలబడి గ్లవ్ లాగాను. మణికట్టు లోపల శెనగగింజంత నీలం చుక్క. కొత్తది. ఆయన వంగి చాలాసేపు చూశారు.

"చెప్పేశావా?" అన్నారు.

"మీకు తెలుసా మాస్టారూ?"

ఈసారి "ఆఁ?" అనలేదు. "ఆ రోజు చప్పుడు నేనూ విన్నానమ్మా. నీకు ఆకలెక్కువ, పతకం తెస్తావని నోరు మూసుకున్నాను. చెవులు పోయాయంటారే అందరూ... అదొక్కటీ పోలేదు."

చుట్టూ చప్పట్లు. ఆయన తల ఓరగా పెట్టి ఇంకేదో వింటున్నారు.

"అయితే మీరూ చెప్పండి" అన్నాను.

ఆయన ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంది. లేస్తుందేమోనని దాన్నే చూస్తూ కూర్చున్నాను.