ఎడమకే ఒరిగే విమానం

మా బావమరిది లిఫ్టు మెకానిక్. ఎనిమిదో అంతస్తు దాటి పైకి వెళ్ళిన పాపాన పోలేదు. అయినా ఇంటిల్లిపాదీ వాణ్ణి కెప్టెన్ అనే పిలుస్తారు, పిలవకపోతే పలకడు కాబట్టి. ఆ కెప్టెన్ ఒక ఆదివారం పొద్దున్నే రెండు అట్టపెట్టెలు మోసుకొచ్చి మా టేకు బల్ల మీద దించాడు.

"బావా, ఇవాళ ఈ టేకు మీంచే టేకాఫ్!"

మా ఇంట్లో అలాంటి మాటలు నేను అనాలి. మొదటి ఏవగింపు అక్కడ కలిగింది. రెండోది పెట్టె తెరిచాక కలిగింది.

నాది డ్రై క్లీనింగ్ దుకాణం. ఇరవై ఆరేళ్ళుగా జనం మరకలే నాకు మెతుకులు. కాలరు చూసి కాపురం ఎలా ఉందో చెప్పగలను. అలాంటి నేనే రెండడుగులు వెనక్కి వేశాను. ఎవడో ఏళ్ళ తరబడి వాడి వదిలేసిన జాయ్‌స్టిక్ అది. అందులో జాయ్ ఆవగింజంత కూడా లేదు, స్టిక్ మాత్రం అరచేతికి బ్రహ్మాండంగా స్టిక్కయింది. పిడి చుట్టూ చెమటా తలనూనే కలిసి నల్లగా గట్టిపడి, పాత చెప్పు అట్టలా నిగనిగలాడుతోంది. థ్రాటిల్, అంటే ఇంజను వేగం పెంచే పిడి, దాని గాడి నిండా బిస్కెట్టు పొడి. చక్రాలు దించే గేరు సందులో గోరు. నిజం గోరే. నెలవంకలా కత్తిరించినది, బొటనవేలిది. కాళ్ళతో తొక్కే పెడళ్ళకైతే ఎవరి అరికాలి తోలో పొరలు పొరలుగా అంటుకుని ఉంది.

"ఛీ ఛీ! దీన్ని పైలట్ నడిపాడా, పంది నడిపిందా?"

"వాడిన సామానైతేనే అసలు ఫీలింగు వస్తుంది బావా. కొత్తవి బిర్రుగా ఉంటాయి."

"వచ్చిందిరా ఫీలింగు. వాంతి ఫీలింగు! గేరులో గోరు, గోరులో మట్టి, మట్టిలో..."

"ఇద్దరూ ఇక ఆపుతారా?" అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

ఆవిడ మొహం చూసి ఆపాం. కంప్యూటర్ తెర మీద నడిపే ఈ ఉత్తుత్తి విమానం వచ్చింది ఆవిడ కోసమే.

మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబ్‌లో పదిహేడేళ్ళుగా పనిచేస్తోంది. వాళ్ళు సముద్రం అవతల ఒక దీవిలో కొత్త ల్యాబ్ తెరుస్తూ దానికి ఇన్‌ఛార్జిగా ఆవిణ్ణి ఎంచారు. పై వారం శుక్రవారానికి అక్కడ ఉండాలి. లేకపోతే ఆ కుర్చీ, ఆవిడ దగ్గరే సూది పట్టుకోవడం నేర్చుకున్న ఒక పిల్లకి వెళుతుంది. ఈ కాలంలో పడవలు నడవవు. విమానం ఒక్కటే దారి. ఆవిడకేమో విమానం పేరెత్తితేనే భయం. రెండేళ్ళ కిందట ఒకసారి ఎక్కే ద్వారం దాకా వెళ్ళి, అక్కడున్న స్తంభాన్ని కౌగలించుకుని, విమానం వెళ్ళిపోయేదాకా వదల్లేదు. ఆ సంగతి నేను చాలా బాగా చెబుతాను. "మా ఆవిడ విమానం ఎక్కబోయి స్తంభం ఎక్కింది" అని మొదలుపెట్టానంటే పెళ్ళిళ్ళలో జనం కుర్చీలు దగ్గరకు లాక్కుంటారు.

"లోపల ఏం జరుగుతోందో తెలీకే అక్కా, ఆ భయం. నాలుగు రోజులు నువ్వే నడుపు, పోతుంది." ఇదీ కెప్టెన్ వైద్యం.

ముక్కుకు గుడ్డ కట్టుకుని, స్పిరిట్టూ దూదీ పాత పళ్ళ బ్రష్షూ పట్టుకుని ఆ రొచ్చంతా నేను కడిగాను. తీసిన మురికితో ఇంకో జాయ్‌స్టిక్ చేయొచ్చు. కెప్టెన్ మాత్రం దర్జాగా మూడు తెరలు అర్ధచంద్రంలా పేర్చాడు. బల్ల అంచుకి కుడివైపు స్టిక్కు, ఎడమవైపు థ్రాటిల్ బిగించాడు. పెడళ్ళు తొక్కితే కుర్చీ వెనక్కి జారిపోతోందని దాని అయిదు చక్రాలకీ నా రెండు జతల చెప్పులూ, ఆవిడదొకటీ తొడిగాడు. కంప్యూటర్ పెట్టెలో ఫ్యాను పెనంలా కాగుతూ రొద పెట్టింది. గదంతా కాలిన దుమ్ము వాసన.

"ఇప్పుడు డెడ్ జోన్ పెడుతున్నా బావా. అంటే స్టిక్కు నడిమధ్య కాస్త అటూ ఇటూ కదిలినా విమానం పట్టించుకోదు."

"మా ఇంట్లో ఆ జోను నేనే కదరా."

మొదటి మూడు రోజులూ ఆవిడ విమానాన్ని పొలాల్లో పడేసింది, ఒకసారి ఆసుపత్రి మీద కూడా. నాలుగో రోజు గాల్లో నిలబెట్టింది. శుక్రవారం సాయంత్రం, ల్యాబ్ నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా కూర్చుని, రన్‌వే మీద ఈకలా దింపింది. కెప్టెన్ కేకలు పెట్టాడు. నేను చప్పట్లు కొట్టాను. ఆవిడ మాత్రం తెర వదిలి గోడ మీది క్యాలెండరు వైపు చూసింది.

శనివారం నుంచి విమానం ఎడమకి ఒరగడం మొదలుపెట్టింది. చేయి తీసినా ఎడమకే, కుడికి తిప్పినా కాసేపటికి ఎడమకే. మూడుసార్లు సముద్రంలో పడింది. ఆదివారం మధ్యాహ్నం నాలుగోసారి పడ్డాక ఆవిడ లేచి నిలబడింది.

"చూశారుగా. నా వల్ల కాదు. రేపు ఆఫీసుకి వెళ్ళి రాలేనని చెప్పేస్తా."

"సాఫ్ట్‌వేర్ తప్పక్కా ఇది! అంతా తీసేసి మళ్ళీ ఎక్కిస్తా, ఉండు."

వాడు ఎక్కించాడు, దించాడు, మళ్ళీ ఎక్కించాడు. విమానం మళ్ళీ ఎడమకే. అంతలో ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారని ఫోనొచ్చి వాడు పరిగెత్తాడు. సాఫ్ట్‌వేరు నాకు తెలియదు కానీ సాఫువేరు తెలుసు. స్టిక్కు మొదట్లో ఉన్న రబ్బరు తొడుగు పైకి లాగి చూశాను.

లోపల ఎర్రగా ఏదో మెరుస్తోంది. వేలు పెడితే సాగింది. తియ్యటి వాసన, వెనకే మందు కంపు. దగ్గు మందు. ఛీ! వారం కిందట నా చేతులతో కడిగిన చోట మళ్ళీ జిగట! కెప్టెన్‌ని తిట్టడానికి ఫోనందుకున్నాను. అందుకుని ఆగిపోయాను. మరకని ఇంకోసారి చూడటం నా వృత్తి దోషం.

"ఎవరు ఒలకబోశారు?" అంది ఆవిడ వెనక నుంచి.

"ఒలికింది కాదిది. ఒలికితే మరకకి తోక ఉంటుంది. చిందితే చుట్టూ పిల్ల చుక్కలుంటాయి. ఇవి ఎడమవైపున మూడే చుక్కలు. మూడూ ఒకే సైజు, సమానంగా దూరం దూరం. ఇంత చక్కగా చుక్క వేసే చెయ్యి ఈ ఇంట్లో ఒక్కటే ఉంది."

ఆవిడ మంచం అంచు మీద కూర్చుంది.

"శుక్రవారం అంత బాగా దింపావు కదే!"

"అందుకే. బాగా వస్తే వెళ్ళాలి కదా."

"భయంగా ఉంటే భయమని చెప్పొచ్చుగా?"

"ఎవరికి, మీకా?" తలెత్తింది. "స్తంభం కథ ఎన్ని ఇళ్ళల్లో చెప్పారు? మా ల్యాబ్ వాళ్ళ ఇంట్లో కూడా చెప్పారు. ఆ సూది పిల్ల నవ్వి నవ్వి నా భుజమ్మీదే వాలిపోయింది. నేనూ నవ్వాను, ఏం చేయను? ఈసారీ వెళ్ళలేనంటే రెండో భాగం తయారు. మిషను పాడైందంటే ఎవరూ నవ్వరు కదా."

ఆ జనం, ఆ కుర్చీలు, పక్కనే పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ ఈవిడ, అన్నీ కళ్ళ ముందు కదిలాయి. నా నోరు నాకే కంపు కొట్టింది. గేరులో దొరికిన గోరు కూడా నాకంత రోత పుట్టించలేదు.

"తియ్యటి మరక కదా, గోరువెచ్చటి నీళ్ళకి పోతుంది. అయిదు నిమిషాలు," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"తుడవకండి." ఆవిడ లేచి వచ్చి కుర్చీలో కూర్చుంది. "ఇందాక పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఇప్పుడు పట్టుకుని చూస్తాను."

"జిగటతో నడుపుతావా?"

"పైన ఏదైనా అంటుకుంటే దిగి తుడుస్తారా పైలట్లు?"

విమానం లేచింది. లేస్తూనే ఎడమకి వాలింది. ఆవిడ దాన్ని కుడికి పట్టి, వదిలి, మళ్ళీ పట్టింది. స్టిక్కు కదిలినప్పుడల్లా లోపల జిగట చప్, చప్ మంటోంది, ఎవరో నోరు తెరుచుకుని నములుతున్నట్టు. ఆవిడ పై పెదవి మీద చెమట పోసింది. రన్‌వే వంకరగా వచ్చింది. చక్రాలు తగిలాయి, విమానం ఎగిరింది, మళ్ళీ తగిలింది, పక్కనున్న గడ్డిలోకి దూసుకుపోయి ఆగింది.

"విరగలేదు," అంది, తనకే చెప్పుకుంటున్నట్టు.

సరిగ్గా అప్పుడే చేతుల నిండా గ్రీజుతో కెప్టెన్ ఊడిపడ్డాడు. "అరే, దింపేశావే! ఏమైంది బావా, తప్పెక్కడో దొరికిందా?"

ఆవిడ నా వైపు చూసింది. నోట్లో అప్పటికే కథ తయారుగా ఉంది. స్తంభం కథని తలదన్నే కథ, మొదటి వాక్యంతో సహా. దాన్ని మింగాను. దగ్గు మందు కంటే చేదుగా దిగింది.

"నేనేరా. దగ్గు మందు ఒలకబోశాను."

"విమానం దగ్గర దగ్గు మందేంటి?"

"తాగుతూ నడిపాను."

"తాగి నడిపావా!" వాడు స్టిక్కు ముట్టుకుని, వేలు వాసన చూసి, మొహం ముడిచాడు. "ఛీ బావా, ఇంత వయసొచ్చి! శుభ్రం గురించి మాకు చెబుతావు. రేపు దుకాణంలో బట్టల మీద కూడా ఇలాగే తాగుతావా?" అంటూనే ఫోన్ తీసి ఎవరికో మొదలెట్టేశాడు. "ఇదిగో, మా బావ ఏం చేశాడో విను..."

అవతలివాళ్ళ నవ్వు నాకూ వినిపించింది. చెవులు కాలాయి.

"గుడ్డ తడిపి ఇలా ఇవ్వండి," అంది ఆవిడ నాతో, మెల్లగా. "తుడిచి ఇంకోసారి దింపాలి. గురువారం విమానానికి నాలుగు రోజులే ఉంది."