మూడో దెబ్బకు దిగే ముక్కోణం

పొద్దున్నే మంచాల కింద ఊడవడం ఆ ఇంట్లో మొదటి పని. దుమ్ము కోసం కాదు. సాయంత్రం ఆటలో తెర మీద గంతులేసిన ఆకారాలు తెల్లారేసరికి ఇల్లు చేరి, దొరికిన సందులో దూరతాయి.

"ఏమే, నీ పసుపు చుక్కలు మళ్లీ నా చెప్పుల్లో కాపురం పెట్టాయి!" అని అరిచింది అత్త.

"దులిపేయండత్తయ్యా, అవి కరవవు" అంది కోడలు, తల ఎత్తకుండానే.

ఆవిణ్ణి అందరూ గీతలమ్మ అంటారు. ఫిల్ము మీద సూదితో గీకి, రంగు పూసి, ముక్కూ మొహం లేని ఆకారాలను పుట్టిస్తుంది. మొగుడు డ్రమ్ములు వాయిస్తాడు. కొత్త ఆకారం పుట్టగానే దాని ముందు ఒక దరువు వెయ్యాలి. ఇక జన్మంతా ఆ దరువుకే అది కదులుతుంది. వేసింది ఎవరని చూడదు.

ఆట చివర్లో ఎర్ర ముక్కోణం కావాలన్నది మొగుడే.

"రెండు దెబ్బలు, ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగడం, మూడో దెబ్బ. మూడోదానికి అది గొడ్డలిలా దిగాలి. జనం గుండెలు జారిపోవాలి."

"ఎవరు కొట్టినా దిగుతుందండీ. ఇంట్లో తిరిగేది, కాస్త ఆలోచించండి."

"నేను కాక ఎవడే కొట్టేది?"

ఆ సాయంత్రం ఆటలో జనం గుండెలు నిజంగానే జారాయి. కానీ కేకలేసి వేదిక మీదికి పిలిచింది గీతలమ్మను. డ్రమ్ముల వైపు ఒక్కడూ చూడలేదు.

మర్నాడు తల్లి బజారుకు వెళ్లడం చూసి మొగుడు గడియ పెట్టాడు. పెళ్లాం జుట్టు పట్టి ఈడ్చి, ఆమె కుడిచెయ్యి బల్లకేసి అదిమి, డ్రమ్ము కర్ర అందుకున్నాడు.

"ఈ చెయ్యి లేకపోతే చప్పట్లు ఎవరికి కొడతారో చూస్తా!"

మొదటి దెబ్బకు రెండు వేళ్లు విరిగాయి. రెండోదానికి నెత్తురు ఫిల్ము మీద చిమ్మింది. అప్పుడు ఊపిరి పీల్చుకోడానికి ఆగాడు. పెళ్లాం ఎముకలు విరగ్గొడుతూ కూడా లయ తప్పలేదు, మహానుభావుడు!

ఆ సందులో ఆమె ఎడమ పిడికిలితో బల్లను గుద్దింది.

బీరువా వెనక నుంచి ఎర్ర ముక్కోణం లేచి, కప్పు దాకా వెళ్లి, దిగింది. అతని మణికట్టు తెగి చెయ్యి తోలుకు వేలాడింది.

గాయాలు మానాయి. అతని చెయ్యి మాత్రం తిరిగి రాలేదు. ఆమె ఎడమచేత్తో గీకడం నేర్చుకుంది. ఆట మళ్లీ మొదలైన రోజు డ్రమ్ముల ముందు స్టూలు లాక్కుని కూర్చుంది అత్త.

"మీకు వచ్చా అత్తయ్యా?"

"ఈ దరువు వీడు కనిపెట్టాడనుకున్నావా? వీడి నాన్నది. నా వీపు మీదే కదే సాధన చేశాడు!"

మొగుడు ముందు వరసలో కూర్చున్నాడు. ముక్కోణం తెర దాటి వచ్చి అతని నెత్తిమీద నిలిచింది. అత్త రెండు దెబ్బలు కొట్టింది. ఆగింది. కొడుకు వైపు చూసి, కర్రలు ఒళ్లో పెట్టుకుంది.

ఆ రాత్రి ఆకారాలన్నీ మంచాల కింద దూరాయి. ముక్కోణం మాత్రం అతని వెంటే వచ్చింది. ఇప్పటికీ నెత్తిమీద జానెడు ఎత్తునే ఉంది. ఎవరైనా బల్ల మీద గ్లాసు పెడితే చాలు, మెడ భుజాల్లోకి లాక్కుంటాడు.

"మెల్లిగా పెట్టవే అమ్మాయ్" అంటుంది అత్త, అన్నం కలుపుకుంటూ. "ఇంకొక్క దెబ్బే మిగిలుంది."