మెరిసే అతుకులు

పొద్దుటి నుంచి మౌనిక కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. పులివెందుల అవతలి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఆమెది కూర్చుని చేసే పని. సర్క్యూట్ బోర్డుల మీద మిషను సరిగ్గా అతకని చోట్ల చేత్తో మళ్లీ అతకాలి. అలాంటిది గంటలో మూడుసార్లు నీళ్లకని లేచింది, గొంతులో ఒక్క చుక్క దిగితే ఒట్టు.

నాలుగింటికి లారీ వస్తుంది. మూడొందల బోర్డులు విదేశానికి పోవాలి. వాటిలో సీసం లేదని క్వాలిటీ చూసే చందన మేడం సంతకం పెట్టాలి. సీసం లేదట! నలభై బోర్డుల్లో ఉంది. పెట్టింది మౌనికే.

కుట్రతో చేసిన పని కాదులెండి. వాళ్ల నాయన రూబెన్ జమ్మలమడుగు బజారులో ముప్పయ్యేళ్లు రేడియోలు, టీవీలు బాగుచేశాడు. అతుకంటే అద్దంలా మెరవాలని, మసకగా ఉంటే అది చేతకానివాడి పనని కూతురికి నేర్పాడు. ఇక్కడి సీసం లేని తీగ కరిగించి ఎంత బాగా అతికినా మసకే, దాని తీరే అంత. సీసం వాడొద్దని చేరిన రోజే చెప్పారు, విన్నట్టు సంతకమూ చేసింది. కానీ చెయ్యి ఒప్పుకుంటేగా! ఆ మసక చూసి సిగ్గేసింది. మొన్న నాయననడిగి ఆయన పాత సీసం తీగ, రిపేరువాళ్లు లెడ్డు అనేది, టిఫిన్ సంచిలో తెచ్చుకుని రెండు రోజులు ఎవరూ చూడకుండా అతుకుల మీద ఒక్కో చుక్క పెట్టింది. చుక్కేగా, ఏమవుతుందనుకుంది మహాతల్లి.

ఏమైందంటే, ఇన్‌చార్జి సుధీర్ వాటిని చూసి మురిసిపోయాడు. "ఎవరు నేర్పినారమ్మా నీకు? శానా బాగుంది," అన్నాడు. కొట్టు మూతపడి నాయన ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడని ఈమె చెప్పింది. "సోమవారం నుంచి రమ్మను. కొత్తోళ్లకు నేర్పుతాడు," అన్నాడాయన. రూబెన్ ఆ పూటే రెండు చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చొచ్చాడు.

ఈ ఉదయం మీటింగులో చందన చెప్పింది: ఒక్క చుక్క సీసం దొరికినా సరుకంతా వెనక్కి వస్తుంది, మళ్లీ ఆర్డరు రాదు. మౌనిక తిరుగుడు అప్పుడే మొదలైంది.

మధ్యాహ్నం చందన మూడు బోర్డులు తీసి, తుపాకీలాంటి పరీక్ష మిషను పెట్టి చూసింది. మూడూ పాసు, మౌనిక చుక్క పెట్టినవి వాటిలో లేవు మరి. అందరూ చప్పట్లు కొట్టారు. మౌనికా కొట్టింది. హమ్మయ్య, బతికిపోయాననుకోవాలి కదా? ఊహూ. చందన పెన్ను తీసి కాగితం దగ్గరికి లాక్కుంది. ఆ మేడం తన పేరుతో అబద్ధం రాయబోతోంది, పాపం ఆమెకు తెలియదు.

"మేడం, ఆగండి! నలభై బోర్డులకు నేను లెడ్డు పెట్టినా."

సుధీర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏం మాట్లాడుతాండావు? లెడ్డు యాడిది నీకు?"

ఏదో అంగట్లో కొన్నానంటే చాలు, నాయనకు ఉద్యోగం మిగులుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఒక అబద్ధం ఆపబోయి ఇంకోటి ఆడడానికి ఆమెకు మనసు రాలేదు.

"మా నాయనది సార్. ఆయన మంచిదనే ఇచ్చినాడు."

"ఏయే బోర్డులో తెలుసా?"

"మెరిసేవి సార్."

ఒక్కొక్కటే ఏరింది. తన చేతి నుంచి అంతకంటే మంచి పని ఎప్పుడూ రాలేదు. నలభై బోర్డులూ పనికిరానివి వేసే ఎర్ర డబ్బాలో పడ్డాయి. మిగిలినవాటిని చందన ఒక్కటీ వదలకుండా పరీక్షించింది. లారీ ఆరుదాకా ఆగింది.

"నిన్ను ఉంచేదీ లేనిదీ పైవాళ్లు చెప్తారు," అన్నాడు సుధీర్. "మీ నాయనను మాత్రం రావద్దను."

గేటు బయటికొచ్చి ఫోన్ చేసి అంతా చెప్పింది. రూబెన్‌కు అర్థం కాలేదు.

"మెరిస్తే తప్పేందమ్మా?"

"ఈడ తప్పే నాయనా. సీసం విషమంట. మసకగా ఉండేదే సరైన అతుకంట."

తిడతాడనుకుంది, తిట్టినా బాగుండుననుకుంది.

"ముప్పయ్యేండ్లు..." అని ఆగిపోయాడాయన. "అయితే ఆ మసక అతుకు ఎట్లా పెడతారో నువ్వు బాగా నేర్చుకోమ్మా. ఇంటికొచ్చి నాకు నేర్పు."

బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా చూస్తుండగా మౌనిక భోరున ఏడ్చేసింది.